తోడు

న్యుమోనియా తగ్గింది.
ఇరవై మూడు రోజులు సూదిలోంచి దిగిన మందు
చెడ్డవాళ్లతోపాటు మంచివాళ్లనీ ఊడ్చేసి పోయింది.
ఇంటికొచ్చిన ఎయ్నారి పొట్ట
కోత అయిపోయిన ఓట్స్ చేను.

ఎనభై ఆరేళ్లు. బెల్టుకు రెండు కొత్త చిల్లులు.
మంగళవారాలు నర్సు మైసా వస్తుంది,
మంచు దులుపుకుని, బూట్లు గుమ్మంలో విడిచి
మొదట అదే అడుగుతుంది.
అతను కిటికీ వైపు తిరిగిపోతాడు.
పేడ చూసి ఆవు రోగం చెప్పిన మనిషి
తన సంగతి చెప్పడానికి సిగ్గుపడి చస్తాడు.

"లోపల కాపురముండాల్సినవాళ్లు ఖాళీ చేశారు.
పులిసినదేదైనా తినండి.
పనిచేస్తుందని ఒట్టు పెట్టలేను,
తిని చూడండి" అంది మైసా.
దుకాణం డబ్బా తెచ్చింది, మూత మీద ఆవు నవ్వుతోంది.
ఒక్క చెంచా తిన్నాడు. మూత పెట్టేశాడు.
"ఇది సాగదు."

విలీ అంటే సాగాలి.
చెంచా ఎత్తితే గిన్నె దాకా తీగ రావాలి,
తెంపడానికి మణికట్టు ఓసారి తిప్పాలి.
పైన సన్నని బూజు పొర
పిల్లి చెవి వెనక బొచ్చులా ఉండాలి.
మీద వేయించిన బార్లీ పిండి, కాస్త చక్కెర.
లెంపి ఉన్నన్నాళ్లూ అలమరలో ఏడు గాజు గిన్నెలు,
ఒకటి తినేలోగా ఇంకొకటి పేరుకునేది.
ఆమె పోయాక పదకొండేళ్లు అతనే
నిన్నటి చెంచాడు తీసి
ఇవాళ్టి గిన్నె అడుగున పులిమి
పాలు పోసి, గుడ్డ కప్పి.
ఆసుపత్రి నుంచి వచ్చేసరికి
ఆఖరి గిన్నెలో గులాబీ రంగు మచ్చలు.
పారబోయడానికి మూడు రోజులు పట్టింది.

కాలవకు అవతల సైమి ఇల్లు.
ఆ కాలవ అరగజం ఇటు జరిపి తవ్వించిందని
ముప్పై నాలుగేళ్లుగా మాటల్లేవు.
చర్చిలో ఆమె కుడివైపు, ఇతను ఎడమ.
లెంపిని మట్టిచేసిన రోజు వచ్చింది,
కాఫీ ముట్టకుండా వెళ్లింది.

మైసాకి బుధవారాలు ఆ ఇల్లు.
ఒక ఇంటి మాట ఇంకో ఇంట అనకూడదు, ఉద్యోగ నియమం.
అనలేదు.
సైమి గిన్నెలో చెంచా ముంచి, ఎత్తి,
"అబ్బ, ఎంత సాగిందో" అంది.
ఆగి,
"సాగనిది తినలేనివాళ్లూ ఉంటారు" అంది.
బీపీ చూసి వెళ్లిపోయింది.

మా వైపు దీపాలు పెట్టాక తోడు ఇవ్వరు.
అక్కడ డిసెంబరులో మూడింటికే దీపాలు.
ఆ లెక్కన చలికాలమంతా ఎవరి పాలూ పేరుకోవు.

నాలుగున్నరకి, చిమ్మచీకట్లో,
తోపుడు స్లెడ్జి పట్టుకుని
గడ్డకట్టిన కాలవ దాటి సైమి వచ్చింది.
గుమ్మం బయటే నిలబడింది.
ఉన్ని మేజోడులో దూర్చిన జామ్ సీసా.
"నాది కాదు. అరవై తొమ్మిదిలో లెంపి ఇచ్చింది.
అప్పు తీర్చేస్తున్నా, వడ్డీ అడక్కు."
"మరి కాలవ?"
"కాలవ నాదే."

స్లెడ్జి గీతలు రెండూ
కిటికీలోంచి చాలాసేపు చూశాడు.
చెయ్యి వణికి సగం బల్ల మీద పడింది,
వేలితో తీసి మళ్లీ గిన్నెలోకే పులిమాడు.
రాత్రి రెండుసార్లు లేచి గుడ్డ ఎత్తబోయాడు,
"కదపకు" అని కసిరే గొంతు లేదు కదా,
తనే కసురుకుని పడుకున్నాడు.
పొద్దున్న ఇంకా పాలే.
సాయంత్రం చెంచా ఎత్తితే
తీగ.

రెండు మంగళవారాలు గడిచాక
మైసా అడిగే లోపే చెప్పాడు,
కిటికీ వైపు తిరక్కుండా,
కావలసినదానికన్నా వివరంగా.
విలీ వల్లేనో, మందు విరుగుడు కాలం తీరిందో,
ఎవరు తేలుస్తారు.
ఆమె రాసుకుంది.

కిటికీ గట్టు మీద రెండు గిన్నెలున్నాయి.
రెండోది ఎవరికని మైసా అడగలేదు, నియమం.
పొయ్యి పక్కన ఉతికి ఆరేసిన మేజోడు,
ఒక్కటే.
రెండోది కాలవకు అవతల ఉంది.